పది నిమ్మకాయల రైలు

నలభై ఏళ్లు నేను నిమ్మకాయలు తొక్కాను. మూడు దారులు కలిసే చోట పసుపు కుంకుమ పూసి, రెండుగా కోసి పెట్టిన నిమ్మకాయ కనబడితే చాలు, మా ప్రొద్దుటూరులో మోటారు సైకిళ్ల మీద దూసుకుపోయే మొనగాళ్లు కూడా బండి వంచి తప్పించుకుని పోతారు. నేను చెప్పు విడిచి ఉత్తకాలితో తొక్కేవాణ్ణి. నలుగురు పోగయ్యేదాకా ఆగి మరీ తొక్కేవాణ్ణి. ‘చూడండి, నాకేమైంది?’ అని అడిగేవాణ్ణి. నాకేమీ కాలేదు. చూసినవాళ్లకూ ఏమీ కాలేదు. వచ్చే అమావాస్యకు అదే చోట ఇంకో నిమ్మకాయ ఉండేది.

“నీ మడమలు చూడు, యెంత నున్నగుండాయో. నిమ్మకాయకు పవరు ల్యాదంటావేంది సామీ!” అని భాయ్ నవ్వేవాడు.

భాయ్ నా స్నేహితుడు. ప్రొద్దుటూరులో మోటార్లకు తీగ చుట్టే అంగడి అతనిది. కాలిపోయిన బోరు మోటారు తెస్తే విప్పి, నల్లబడిన రాగి తీగంతా పీకేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాడు. అంతకుముందు పదిహేనేళ్లు కువైట్‌లో ఒక పెద్ద ఇంట్లో కరెంటు పని చేశాడు. అతను నమాజు తప్పడు. నాకు ఏ దేవుడూ లేడు. నన్ను ఉడికించడానికే ‘సామీ’ అని పిలుస్తాడు. మా హేతువాద సంఘంలో చేరమంటే చేరలేదు గానీ, మేం ఊరూరా పెట్టే సభలకు వైర్లు లాగేదీ, మైకు సరిచేసేదీ అతనే.

మా వాదమంతా ఎప్పుడూ ఒక్క మాట దగ్గర ఇరుక్కునేది. ఆ మాట పవరు. మా జనానికి కరెంటు పోతే పవరు పోయినట్టు. కళ్లద్దాలకు పవరుంటుంది. పదవిలో ఉన్నవాడికి పవరుంటుంది. అమ్మవారికి, తాయెత్తుకు, దర్గా దారానికి, నిమ్మకాయకు పవరుంటుంది. పరాయి భాష నుంచి తెచ్చుకున్న ఒక్క తాళంచెవితో ఇన్ని తలుపులు తెరుస్తున్నాం, ఏ తలుపు వెనక ఏముందో చూడకుండా. ఈ మాటను చీల్చి చూపించాలనే ఒక కరపత్రం రాసి, అచ్చు వేయించి, బస్టాండుల్లో పంచాను. దాని పేరు ‘నిమ్మకాయకు పవరు లేదు’. ఆ కరపత్రానికి నా చేతులతో నేనే చేసిన ద్రోహం గురించి ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగం చివరి రోజుల్లో తొండూరు దగ్గర ఒక పల్లెలో ఫిజిక్సు చెప్పాను. ఆ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే ఒకావిడ ఉండేది. పెనిమిటి లేడు. ఒక్కతే కూతురు. పంతొమ్మిదేళ్లది, ఇంట్లో మిషను పెట్టుకుని రైకలు కుట్టేది. ఆ అమ్మాయికి మూర్ఛ వచ్చేది. కుడుతూ కుడుతూ పక్కకు పడిపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకునేది. నేను రిటైరయ్యాక కూడా ఆవిడ ఫోను చేసేది. కడపలో నరాల డాక్టరు దగ్గరికి వాళ్లను నేనే తీసుకుపోయాను. రోజుకు రెండు మాత్రలు, ఒక్కపూట కూడా మానకూడదు, బాగయిందని మీ అంతట మీరే నిర్ణయించుకోకూడదు అని ఆయన నాకు చెప్పాడు. ఆరు నెలలు మాత్రలు తిన్నది. ఆరు నెలలూ మూర్ఛ రాలేదు.

ఒకరోజు వాళ్లింటికి పోతే, ఆవిడ బియ్యం చెరుగుతూ అడిగింది:

“ఆర్నెల్లాయ సార్, బిడ్డకు మళ్లా రాల్యా. బాగయినంక మందెందుకు సార్?”

“మందు తింటోంది కాబట్టే రాలేదమ్మా.”

“మా ఆడబిడ్డ గూడా ఇదే మాట అంటాంది. ఆమెకు మోకాళ్ల నొప్పి. ఒక సామి నిమ్మకాయ మంత్రించి ఇచ్చినాడంట, తలగడ కింద పెట్టుకుంది. మళ్లా రాల్యా. నిమ్మకాయ ఉంది గాబట్టే రాల్యాదంట.”

నేను చెప్పిన వాక్యాన్నే, నా ఎదురుగానే, ఒక ముక్క మార్చి నా చేతిలో పెట్టింది. నలభై ఏళ్లు వేదికలెక్కి పూర్వపక్షాలు ఖండించినవాణ్ణి. చాట పట్టుకున్న మనిషి అడిగితే జవాబు తట్టలేదు.

“ఆయప్పది ఒకటే షరతంట. మందు మింగితే నిమ్మకాయ పవరు దిగిపోతాదంట. పై నెల అమాసకు పోదామనుకుంటాండా,” అంది.

కూతురు మిషను మీంచి తల ఎత్తలేదు. “మాత్ర మింగితే మత్తుగుంటాది సార్,” అంది అంతే. “నిన్న ఒకామె రైక చంక కాడ తప్పు కత్తిరిస్తి.”

ఆ అమ్మాయి మాత్రలు మానకూడదు. నాకు కావలసింది అదొక్కటే. అమావాస్యకు నలభై రోజులుంది.

ప్రొద్దుటూరు వచ్చి భాయ్‌తో చెప్పాను. “మళ్లా పో, కూచో, మెల్లగా చెప్పు. మత్తుగా ఉందంటాంది గదా, అది డాక్టరుతో మాట్లాడు,” అన్నాడు. సరైన సలహా అదే. నాకు రుచించలేదు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పడం నాకెన్నడూ చేతకాలేదు. నాకు సభ కావాలి, బల్ల కావాలి, చప్పట్లు కావాలి.

సభల్లో మేం ఎప్పుడూ చూపించే ప్రయోగం ఒకటుంది. నిమ్మకాయలో ఒక పక్క రాగి తీగ, ఇంకో పక్క జింకు పూసిన మేకు గుచ్చుతాం. నాలుగు కాయలు వరసగా కలిపితే గోరంత బల్బు మిణుకుమంటుంది. నిమ్మకాయలో దయ్యం లేదు, పులుపుంది; పులుపులో రెండు లోహాలు ముంచితే కొంచెం కరెంటు పుడుతుంది, అంతే. జనం ఆ బల్బు చూసి చూసి విసిగిపోయారు. ఇంకా పెద్దదేదైనా చూపించాలి అని నేను పట్టుబడితే, భాయ్ అటక మీంచి ఒక అట్టపెట్టె దించాడు.

అందులో రైలుంది. ప్లాస్టిక్ ఇటుకలతో కట్టుకునే రైలు. గోరంత ఇటుకలు, పైన బొడిపెలు, కింద గుంటలు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కున పట్టుకుంటాయి. కువైట్‌లో అతను పనిచేసిన ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఆ ఇంటావిడ ఇచ్చేసిందట. ఇద్దరం ముసలివాళ్లం అంగడి చాప మీద కూర్చుని ఒక మధ్యాహ్నమంతా ఇంజన్ కట్టాం, రెండు పెట్టెలు కట్టాం. పట్టాలు గుండ్రంగా పరిచాం. ఆ పట్టాలకు పైన సన్నటి లోహపు రేకు ఉంది. గోడలోని కరెంటును తొమ్మిది ఓల్టులకు తగ్గించి పట్టాలకిస్తే, చక్రాల ద్వారా మోటారుకు ఎక్కుతుంది.

“ఇప్పుడు ఈ రకం రావడంల్యా సామీ,” అన్నాడు భాయ్, పట్టాల మీద పట్టిన మసిని పెన్సిలు రబ్బరుతో రుద్దుతూ. “అన్నిటికీ ఉత్త ప్లాస్టిక్ పట్టాలే. బండిలోనే బ్యాటరీ పెట్టె. చార్జింగ్ పెట్టుకోవాల. ఆ ఇంట్లో చిన్నోనికి తర్వాత అదే కొనిరి. నాకు మాత్రం ఇదే నచ్చుతాది.”

“మసి పడితే ఎక్కిళ్లు పెడుతోంది కదా ఇది?”

“పెట్టనీ. దాపరికం ల్యా గదా! ఈ పట్టా నుంచి వస్తాంది, ఆ పట్టా నుంచి పోతాంది. చక్రం తాకితే తిరుగుతాది, ఎత్తితే నిలబడ్తాది. యెవురైనా చూసుకోవచ్చు. బ్యాటరీ బండి అట్ల గాదు. పెట్టె మూసినంక లోపల యేముందో పెట్టినోనికే తెల్సు.”

ఆ మాట నేను వెంటనే కాజేశాను. సైన్సంటే పట్టాల్లో పారే కరెంటు, దారి అందరికీ కనబడుతుంది. మహిమ అంటే మూసిన పెట్టె, లోపల ఏముందో స్వామికే తెలుసు. తర్వాతి ఉపన్యాసానికి ఎత్తుగడ దొరికింది. నిమ్మకాయల కరెంటును పట్టాలకిచ్చి రైలు నడుపుతాను అన్నాను.

భాయ్ రబ్బరు పక్కన పెట్టాడు. “నిమ్మకాయకు ఓల్టేజి ఉంటాది సామీ, సత్తువ ఉండదు.”

పది నిమ్మకాయలు కలిపి మీటరు పెట్టాను. ముల్లు తొమ్మిది దగ్గరికి వచ్చింది. “చూడు!” అన్నాను. తీగలు పట్టాలకు తగిలించగానే ముల్లు సున్నా మీద కూలబడింది. రైలు కదల్లేదు. బరువెత్తుకోనంతసేపూ ప్రతివాడూ వస్తాదే. ఇది నాకు తెలియనిది కాదు. బ్యాటరీ లోపలి నిరోధం అనే పాఠం ముప్పై ఏళ్లు ఏటా చెప్పాను. కానీ కావలసిన ఫలితాన్ని ముందే రాసుకుని ప్రయోగానికి కూర్చున్నాను. ఎదుటివాడు ఆ పని చేస్తే దాన్నే మూఢత్వం అంటాను. నేను చేస్తే పట్టుదల అనుకున్నాను. ఇంకా కాయలు పెడదాం, నాలుగు వరసలు కలుపుదాం అన్నాను. “నాలుగు గాదు, నూరు వరసలు కావాల. తోట కొనుక్కో,” అన్నాడు భాయ్.

జమ్మలమడుగులో సభ. ఒక ప్రైవేటు బడి గదిలో ముప్పై మంది, ఎక్కువగా మగ్గాల మీద పనిచేసేవాళ్లు. బల్ల మీద నలభై నిమ్మకాయలు బారులు తీర్చాను. మైకు పట్టుకుని అరగంట గర్జించాను. మైకు చేతికొస్తే నేను ఆగనని అందరికీ తెలుసు. చివరికి తీగలు తగిలించాను. రైలు కదల్లేదు. ఇంజన్‌ను వేలితో పొడిచాను. కదల్లేదు.

“టెంకాయ కొట్టినారా సార్?” అన్నాడు వెనక నుంచి ఒకడు.

“సిగ్నల్ పడల్యా, ఉండండ్రా!”

“సారూ, నిమ్మకాయలకు సత్తువ చాలదు, పెద్ద చీనీకాయలు పెట్టండి. ఎక్స్‌ప్రెస్సే!”

గదంతా నవ్వింది. అందరూ పోయాక ఒక ముసలి నేతగాడు బల్ల దగ్గరికొచ్చి, నిమ్మకాయల్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. “ఏమప్పా, నిమ్మకాయకు పవరు ల్యాదని కాయితం పంచింది నువ్వే గదా? ల్యా. అందరం చూస్తిమి. గెల్చినోనివి, మొగం అట్ల పెట్టుకున్నావేంది?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన వెటకారం చేస్తున్నాడనుకున్నాను. వెనక్కి వచ్చే బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని భాయ్ అన్నాడు, “ఆ పెద్దాయన చెప్పిందే పులివెందులలో చెప్పు సామీ. నలభై నిమ్మకాయలకు ఈ బొమ్మబండిని గూడా లాగే పవరు ల్యా, బిడ్డ రోగాన్ని యేం లాగుతాయమ్మా అని చెప్పు. ఆయమ్మకు అర్థమయితాది.”

ఆ వాక్యం సత్యం. అది చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు. పదిహేను రోజుల తర్వాత పులివెందులలో పెట్టబోయే సభకు ఆవిడనూ కూతుర్నీ రమ్మని అప్పటికే చెప్పాను. అమావాస్యకు మూడు రోజుల ముందు ఆ సభ. ఆవిడ ముందు నేను నవ్వులపాలు కాకూడదు. అందుకని నేనేం చేశానో చెబుతాను.

మా తీగలేని మైకులో అగ్గిపెట్టెంత బ్యాటరీ ఒకటుంటుంది. దాదాపు తొమ్మిది ఓల్టులది, చార్జింగ్ పెట్టుకుంటే పదే పదే పనికొచ్చేది. భాయ్‌కి చెప్పకుండా రైలును ఇంటికి తెచ్చుకుని, ఇంజన్ వెనక పెట్టెలో ఆ బ్యాటరీ దూర్చాను. రెండు సన్నటి తీగలు మోటారు నెత్తి మీదికి లాగి, పైన ఎర్ర ఇటుకలు నొక్కాను. టక్, టక్, టక్. పెట్టె మూసుకుంది. ఒక చిన్న మీట మాత్రం అడుగున ఉంచాను, వేలితో జరపడానికి. స్వాములు గాల్లోంచి విభూతి తీసేటప్పుడు వేళ్లు ఎట్లా మడుస్తారో ఊరూరా చూపించినవాణ్ణి. నాకు ఎవరూ నేర్పవలసిన పనిలేదు.

పులివెందులలో బాడుగ హాలు. ఆవిడ ముందు వరసలో కూర్చుంది, పక్కన కూతురు. “మైకు తీసుకో సామీ,” అన్నాడు భాయ్. “ఈరోజు వద్దు, గొంతుతోనే మాట్లాడతా,” అన్నాను. భాయ్ ఒక చూపు చూసి మైకు పక్కన పెట్టాడు. ఫ్యాన్ల మోతను మించి అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. పట్టాల్లో పారే కరెంటుకు దాపరికం లేదన్నాను. మూసిన పెట్టెను నమ్మొద్దన్నాను. ఈ వాక్యం పలుకుతూ పలుకుతూనే పది నిమ్మకాయల తీగలు ఒక చేత్తో పట్టాలకు తగిలించాను, రెండో చేత్తో పెట్టెలు సర్దుతున్నట్టు మీట జరిపాను.

రైలు కదిలింది. ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది, ఆగలేదు.

“పులివెందులకు రైలొచ్చింది రోయ్!” అని ఎవరో అరిచారు. రైలు స్టేషను ఎరగని ఊరు అది. ఈలలు వేశారు. ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నలభై ఏళ్లలో నాకు అన్ని చప్పట్లు ఎప్పుడూ రాలేదు. ఇది మహిమ కాదు, విజ్ఞానం, విజ్ఞానం అని నేను అరుస్తూనే ఉన్నాను. వాళ్లు రైలునే చూస్తున్నారు.

సభ అయ్యాక ఆవిడ బల్ల దగ్గరికొచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి.

“శానా బాగ చూపిస్తిరి సార్. ఈ నిమ్మకాయలు పారేస్తారా?”

“పారేసేదే.”

“నేను తీసుకుంటా సార్.”

నాకు గర్వం పొంగింది. నిన్నటిదాకా నిమ్మకాయను చూసి భయపడిన మనిషి, ఇవాళ మేకులు గుచ్చిన నిమ్మకాయలు రసానికి తీసుకుపోతోంది అనుకున్నాను. మేకులు పీకి, పదీ కవరులో వేసి, రెండు చేతులతో ఇచ్చాను. ఆవిడ కవరును కొంగులో పెట్టుకుంది.

వెనక్కి తిరిగితే, భాయ్ మీటరు పట్టుకుని పట్టాల మీద వంగి ఉన్నాడు. నిమ్మకాయలు పోయాయి. తీగలు ఊడి ఉన్నాయి. హడావుడిలో నేను మీట ఆపలేదు, ఇంజన్‌ను సభ అయిన క్షణం నుంచీ వేళ్లతో అదిమి ఆపి ఉంచాడు భాయ్. ఏ తీగా తగలని పట్టాల మీద మీటరు ఎనిమిది చూపిస్తోంది.

“పట్టాల నుంచి బండికి పోవాల కరెంటు,” అన్నాడు మెల్లగా. “ఈడ బండి నుంచి పట్టాలకు వస్తాంది.”

అతను ఎర్ర ఇటుకలు ఒక్కొక్కటి ఊడదీశాడు. బ్యాటరీని చూశాడు. మైకు వైపు చూశాడు.

“ఇంగ నువ్వు నిజంగానే సామివైతివి,” అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. “పోయి ఆయమ్మకు చెప్పు. ఇప్పుడే, బస్సెక్కక ముందే.”

“ఆమె మంచికే కదా చేసింది.”

“నిమ్మకాయ సామి గూడా అదే అంటాడు.” పెట్టె కట్టి నా చేతికిచ్చాడు. “పదండి సార్.”

ఆరోజు నుంచి నన్ను సార్ అంటున్నాడు.

అమావాస్య దాటిన మర్నాడు ఆవిడ ఫోను చేసింది. “సార్, మీరు చెప్పినట్టే చేసినా. ఆయప్ప దగ్గరికి పోల్యా,” అంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అంగడికి పోయి, “పోలేదట!” అన్నాను. భాయ్ తీగ చుడుతూ తల ఎత్తకుండా అడిగాడు: “మందు తింటాందా అని అడిగినారా?”

అడగలేదు. ఎందుకు అడగలేదంటే, గెలిచాననుకున్నాను. గెలిచినవాడు ప్రశ్నలు అడగడు.

రెండు వారాలకు మళ్లీ ఫోను వచ్చింది. అమ్మాయి రైకకు ఇస్త్రీ చేస్తూ పడిపోయింది. ఇస్త్రీ పెట్టె కింద చేయి చిక్కుకుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది.

రైలు పెట్టె పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఇంట్లో అమ్మాయి చాప మీద కూర్చుని ఉంది, చేతికి కట్టు. తలగడ కింద నుంచి ఎండి గట్టిపడిన నిమ్మకాయ ఒకటి కనబడుతోంది, మేకు గుచ్చిన చిల్లుతో సహా. అది నా నిమ్మకాయ.

“మాత్రలు?” అన్నాను.

“మీ నిమ్మకాయలు తెచ్చుకున్న దినమే నిలిపేస్తిమి సార్,” అంది తల్లి. “మందు మింగితే పవరు దిగిపోతాది గదా. ఆయప్ప దగ్గరికి ఇంగెందుకు? ఆయప్ప నిమ్మకాయ మోకాలి నొప్పినే లాగింది. మీవి రైలునే లాగినాయి.”

నేను నేల మీద కూర్చున్నాను. పట్టాలు అక్కడే పరిచాను. ఎర్ర ఇటుకలు ఊడదీసి బ్యాటరీ చూపించాను. “అమ్మా, ఆరోజు రైలును లాగింది నిమ్మకాయలు కాదు. ఇది. నేను దాచిపెట్టి నడిపాను. మోసం చేశాను.”

ఆవిడ బ్యాటరీని చూసింది, నన్ను చూసింది. “ఇది ఇప్పుడు పెట్టినారు సార్. ఆ దినం తీగలు నిమ్మకాయలకుండె. నా కండ్లతో చూసినా.”

“ఆరోజు కూడా ఇదే ఉండేది. చూడు, నిమ్మకాయలు లేకుండానే తిరుగుతుంది.” మీట జరిపాను. రైలు ఆ మట్టి నేల మీద చుట్లు తిరిగింది.

ఆవిడ తిరుగుతున్న రైలు మీదికి వంగింది. “ఇది చార్జింగ్ నిలబడే బ్యాటరీ గదా సార్?”

“అవును.”

“ఆ దినం నిమ్మకాయలు ఎక్కిచ్చింది ఇంగా ఉండాది.”

“లేదమ్మా, నేనే ఇంట్లో చార్జింగ్ పెట్టాను!”

“ఆ దినం మహిమ గాదు, విజ్ఞానం అంటిరి. ఇప్పుడు అబద్ధం అంటాండారు. మీరు అబద్ధమాడే మనిషి గాదు సార్.” ఆవిడ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. “బిడ్డకు ఇట్లయిందని, మళ్లా డాక్టరు దగ్గరికి తీసకపోవాలని, ఇప్పుడు ఆడతాండారు. మా మంచికే గదా. నాకు తెల్సు.”

నేను చేసిన పాపాన్ని సరిగ్గా గుర్తుపట్టింది. దినం ఒక్కటే తప్పు చెప్పింది.

“మరి మూర్ఛ ఎందుకొచ్చిందమ్మా, నిమ్మకాయ ఉండగా?” అన్నాను. అది నా ఆఖరి వాదం.

“ఒక్కటే పెట్టినా సార్. మీరు రైలుకు పది పెట్టినారు. మిగతాటితో ఊరగాయ పెట్టేస్తి. తప్పు నాదే.”

భాయ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. “అమ్మా, నేను కరెంటు పనోణ్ణి, అల్లా మింద ఒట్టేసి చెప్తాండా, నిమ్మకాయకు సత్తువ ల్యా,” అన్నాడు. “మీ దేవుడు వేరు గదా అన్నా, మీకు పనిచేయకపోవచ్చు,” అంది ఆవిడ మర్యాదగా, కాఫీ పెట్టడానికి లేస్తూ.

తల్లి లోపలికి పోయాక అమ్మాయి నోరు విప్పింది.

“ఆ దినం మైకు ల్యాకుండా మాట్లాడినారు సార్. మీ గొంతు పగిలిపోయింది. మైకు అంటే ప్రాణం గదా మీకు, ఎందుకు తీసుకోల్యా అనుకున్యా. ఇప్పుడు తెలిసింది.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. “నువ్వు నమ్ముతున్నావు కదా? నేను మోసం చేశానని నమ్ముతున్నావు కదా?”

“నమ్ముతాండా.”

“అయితే మాత్రలు తిను తల్లీ. ఇవాళే మొదలుపెట్టు.”

అమ్మాయి కట్టు అంచును గోటితో గీకుతోంది. “డాక్టరు ఒక్క నిమిషమే మాట్లాడినాడు సార్, అదీ మీతోనే. మానగూడదని నాకు చెప్పింది మీరు. మత్తు పోతాదని చెప్పింది మీరు. పోల్యా. రెండేండ్లు మింగితే బాగయితాదని గూడా మీరే చెప్పితిరి. డాక్టరు అన్నాడో, మా మంచికని మీరే కలిపినారో, నాకెట్ల తెల్సాల?”

రెండేళ్ల మాట డాక్టరు అనలేదు. ఆమె ధైర్యం కోసం నేనే కలిపాను.

“మళ్లీ డాక్టరు దగ్గరికి పోదాం. నువ్వే అడుగు.”

“వద్దు సార్.” కటువుగా అనలేదు. అలసిపోయినట్టు అంది. “అమ్మ నిమ్మకాయను నమ్ముతాంది. మీరు నమ్మొద్దంటిరి, సరే అంటి. మీ మాట నమ్మితి. ఇప్పుడు మీరు గూడా ఇట్ల చేస్తే, ఇంగ ఎవుర్నీ నమ్మేది ల్యా. వస్తే వస్తాది.”

కాఫీ తాగి లేచాం. రైలును పెట్టెలో పెడుతుంటే ఆవిడ వచ్చి, ఇంజన్‌ను రెండు వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది.

హేతువు గెలుస్తుందని చిన్నప్పటి నుంచి చెప్పాను. ఓడించేది మూర్ఖులని చెప్పాను. ఆ ఇంట్లో మూర్ఖులెవరూ లేరు. తల్లి చూసినదాన్ని నమ్మింది. కూతురు చూడనిదాన్ని కనిపెట్టింది. ఇద్దరూ నేను నేర్పిన పనే చేశారు. ఇద్దరూ మాత్రలు మానేశారు.

బ్యాటరీ మళ్లీ మైకులోకి వెళ్లింది. రైలు భాయ్ అటక మీదికి వెళ్లింది. కరపత్రాలు ఇంకా రెండు కట్టలున్నాయి, పంచడం లేదు. దారిలో నిమ్మకాయ కనబడితే బండి వంచి పక్కనుంచి పోతున్నాను. చూసేవాళ్లు, సారు కూడా దారికొచ్చాడనుకుంటున్నారు.

ప్రతి ఆదివారం మాత్రలు కొనుక్కుని తొండూరు బస్సెక్కుతాను. ఈ మధ్య రెండుసార్లు మూర్ఛ వచ్చిందని తల్లి చెప్పింది, ఇప్పుడు పది నిమ్మకాయలు పెడుతున్నానని కూడా చెప్పింది. అమ్మాయి మాత్రల అట్ట నా చేతిలోంచి మర్యాదగా అందుకుంటుంది. “సరే సార్,” అంటుంది. కిటికీ గూట్లో, పోయిన వారం ఇచ్చిన అట్ట మీద, దాన్ని సరిగ్గా అంచులు కలిపి పెడుతుంది. నిన్నటి ఆదివారానికి ఆ దొంతరలో ఏడు అట్టలున్నాయి. వెండి రేకు ఎక్కడా చిరగలేదు.